పదమూడో తలకాయ

"ఈ ఆగస్టులో దేశభక్తుడన్నవాడు తన బాల్కనీ దాటడు" అని పొదుపు శాఖ సహాయ మంత్రి తిమోలియన్ గారు ఏథెన్స్‌లో ప్రకటించారు. సెలవులకని దీవుల వెంట తిరగడం ఖజానాకు ద్రోహమనీ, తన శాఖవాడెవడైనా విలాస నౌకలో కనిపిస్తే ఆ రోజే ఉద్యోగం ఊడుతుందనీ కూడా సెలవిచ్చారు. చప్పట్లు మారుమోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు ఆయన కార్యదర్శి ఫోటిస్. కొట్టక ఏం చేస్తాడు? పదకొండేళ్లుగా టెంపరరీ. సెప్టెంబరులో పర్మనెంటు చేయిస్తానని మంత్రిగారి మాట.

మర్నాడే మంత్రిగారు ఓ మోటారు యాట్ మాట్లాడమన్నారు. మూడంతస్తులు, పైన వేడినీళ్ల తొట్టి. పొదుపు గురించి ప్రశాంతంగా ఆలోచించుకోవడానికి నేల మీద చోటు దొరకడం లేదట. వెంట వచ్చే ఆప్తుల జాబితా ఆయనే స్వయంగా వేళ్ల మీద లెక్కపెట్టి రాశారు. బావమరుదులు, కాంట్రాక్టర్లు, వాళ్ల భార్యలు, చివర్న పెట్టెలు మోయడానికి ఫోటిస్. సరిగ్గా పన్నెండు మంది.

పారోస్ దీవి రేవులో అందరూ చెప్పులు విప్పి బుట్టలో వేసి ఎక్కాక కెప్టెన్ స్మరగ్ద తలలు లెక్కపెట్టింది. పదమూడు తేలాయి. జాబితా రాసిన మహానుభావుడు తనను తాను లెక్కపెట్టుకోవడం మరిచారు.

"అతిథులు పన్నెండు మందికి మించితే నా లైసెన్సు పోతుంది. ఎవరో ఒకరు దిగండి" అంది స్మరగ్ద.

అన్ని కళ్లూ ఫోటిస్ మీద పడ్డాయి. దిగితే అత్తగారి బాల్కనీ, ఎండ, అత్తగారు. అంతకన్నా ఘోరం, ఈ వారం రోజులూ ఇంకెవడైనా పెట్టెలు మోశాడంటే సెప్టెంబరు మాట వాడికి దక్కుతుంది. ఆ భయంతో ఫోటిస్ బుర్ర పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చురుగ్గా పనిచేసింది.

"సార్, తమరు సిబ్బందిలో చేరిపోతే? సిబ్బంది ఈ లెక్కలోకి రారు. రేపు పత్రికలవాళ్లు ఎంత వెతికినా అతిథుల్లో తమ పేరుండదు."

మంత్రిగారు అతన్ని కౌగిలించుకున్నారు. తెల్ల టీషర్టు తొడుక్కుని, డెక్కు కడిగేవాడినని సంతకం చేశారు. ఫోటిస్‌కు సెప్టెంబరు అప్పుడే వచ్చేసినట్టనిపించింది.

ఆ సాయంత్రమే మెల్తెమి గాలి లేచింది. ఆగస్టులో ఆ గాలి పట్టుకుంటే మంత్రుల మాట కూడా వినదు. తాళ్లు విప్పేది లేదని స్మరగ్ద తేల్చేసింది. అక్కడ పడవ వెనక భాగాన్ని ఒడ్డువైపు తిప్పి కడతారు. దాంతో వీళ్ల భోజనాల బల్ల సరిగ్గా కాఫీ హోటళ్లకు ఎదురుగా వచ్చింది. నాలుగు రోజులు ఊరంతా కాఫీ తాగుతూ వీళ్లు తినడం చూసింది. రేవు పోలీసులు వచ్చి, సిబ్బంది పని చేస్తూ కనపడాలి కదా అన్నాక మంత్రిగారి చేతికి తుడుపుకర్ర, ఆ తర్వాత ట్రే వచ్చాయి.

ఐదో రోజు ఉదయం ఒడ్డున కెమెరాతో ఓ విలేకరి ప్రత్యక్షమయ్యాడు. పదకొండు మంది అతిథులు చల్లగా కిందికి జారుకున్నారు. ఫోటిస్ మాత్రం కదల్లేదు. మంత్రిగారు తన చేత్తో చల్లటి కాఫీ తెచ్చి అందిస్తుంటే, పదకొండేళ్లలో మొదటిసారి, లేవబుద్ధి కాలేదు పాపం.

"ఇదేమిటి మంత్రిగారూ?" అన్నాడు విలేకరి.

మంత్రిగారు కనురెప్ప కూడా వెయ్యలేదు.

"తనిఖీ. నాలుగు రోజులుగా డెక్కు కడుగుతూ మా శాఖవాణ్ణి చేతులారా పట్టుకున్నాను. అతిథుల జాబితా చూసుకోండి. ఇతని పేరుంది, నా పేరు లేదు."

విలేకరి చూసుకున్నాడు. నిజమే. కాఫీ హోటళ్లలో జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే, ఇతని ఉద్యోగం ఈ క్షణం నుంచి రద్దని మంత్రిగారు ప్రకటించారు.

ఫోటిస్‌కు ఏడుపొచ్చింది. ఎలాగో లేవబోయాడు. మంత్రిగారు ట్రే సర్దుతున్నట్టు వంగి, మెల్లగా అన్నారు:

"కూర్చోవోయ్. మొత్తం తాగు. ఇంకా ఫోటోలు తీస్తున్నారు."

ఫోటిస్ మొత్తం తాగాడు. ఖాళీ గ్లాసు తిరిగిస్తూ, "థాంక్యూ సార్" అన్నాడు.