పన్నెండు శాఖలు, ఒక తాళం

మనుషుల అక్రమ రవాణాను అరికట్టడంలో ఈ నగరం సాధించిన సమన్వయాన్ని ప్రపంచంలో మరే నగరమూ సాధించలేదని, సాధించే ప్రమాదం కూడా లేదని సమన్వయ సంఘం తన వార్షిక నివేదిక మొదటి పేజీలోనే ప్రకటించింది. పన్నెండు శాఖలు, పన్నెండు సంతకాలు, ఒకే ఫారం. (ఫారానికి ఏడు పేజీలు. ఏడో పేజీలో ‘ఈ పేజీని కావాలనే ఖాళీగా ఉంచడమైనది’ అని ఉంటుంది. దాని మీద కూడా పన్నెండు సంతకాలు కావాలి.)

ఈ సంఘానికి ఒక హెల్ప్‌లైన్ ఉంది. అంటే ఒక ఫోను, ఒక కుర్చీ, కుర్చీలో ఒక మనిషి. ఆ మనిషిని ఆఫీసులో అందరూ హలో అక్క అంటారు. మూడేళ్లలో ఆమెకు నలభై కాల్స్ వచ్చాయి. ముప్పై తొమ్మిది రాంగ్ నంబర్లు. మిగిలినది, ఫోను పనిచేస్తోందో లేదోనని కన్వీనరు గారు పక్క గదిలోంచి చేసింది.

నలభై ఒకటోది సోమవారం పొద్దున పదకొండింటికి వచ్చింది.

“అక్కా, మమ్మల్ని బయటికి తీయండి,” అంది ఒక అమ్మాయి, గొంతు బాగా తగ్గించి. “పాత సినిమా హాలు వెనక మేడ, మూడో అంతస్తు. మిషన్ల మీద చొక్కాలు కుట్టిస్తారు. పదకొండు మందిమి. బయట తాళం. మా గుర్తింపు కార్డులన్నీ ఓనరు దగ్గరే. సాయంత్రం ఆరింటికి వ్యానొస్తుందట. ఇంకో ఊరికి తోలేస్తారట.”

“ఎవరి ఫోనమ్మా ఇది?”

“సూపర్‌వైజర్‌ది. చేతులు కడుక్కోడానికి వెళ్లాడు. వచ్చేస్తున్నాడు. ఆరులోపలక్కా!”

లైన్ తెగిపోయింది. పాత సినిమా హాలు హలో అక్క కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. నడిస్తే పది నిమిషాలు. ఆమె చెప్పుల్లో సరిగ్గా కాళ్లు కూడా పెట్టకుండా కన్వీనరు గదికి పరుగెత్తింది.

“నిజం కేసా?” కన్వీనరు గారు ఆనందంతో లేచి నిలబడ్డారు. “మన దగ్గరికా? శభాష్!”

పరిస్థితి అత్యవసరం కాబట్టి వారం నోటీసు రద్దుచేసి రెండింటికల్లా సమావేశం పెట్టారు. పన్నెండు శాఖలూ వచ్చాయి. చర్చ చాలా లోతుగా జరిగింది. లోపల కుట్టేవాళ్లు మావాళ్లే గాని తలుపు మాది కాదంది కార్మిక శాఖ. తలుపు మాదే గాని తాళం మాది కాదంది పురపాలక శాఖ. తాళం మాదే, కాకపోతే పగిలాక, అన్నారు పోలీసులు. (పగలకముందు అది ఒకరి సొంత ఆస్తి.) వ్యాను మాదే, కదిలాక, అంది రవాణా శాఖ.

“మంటలేమైనా ఉన్నాయా?” అని అగ్నిమాపక అధికారి ఆశగా అడిగాడు.

“లేవండి,” అంది హలో అక్క.

“అయ్యో,” అన్నాడాయన. ఆ అయ్యోలో నిజాయితీ ఉంది.

గడియారం మూడు దాటింది. హలో అక్క ఇక ఆగలేకపోయింది. “సార్, నేనే వెళ్లి ఆ తాళం పగలగొట్టనా?”

“ఒక్కరే వెళ్తే దాన్ని సమన్వయం అనరమ్మా,” అని కన్వీనరు గారు అనునయంగా చెప్పారు.

చివరికి గురువారం పదిన్నరకు దాడి చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించి చప్పట్లు కొట్టారు. పద్నాలుగో నిబంధన ప్రకారం భవన యజమానికి ముందుగా నోటీసు పంపాలి, తాళంచెవులతో సహా హాజరు కావలసిందిగా కోరాలి. మామూలుగా ఆ ఆఫీసునుంచి ఒక కాగితం బయటపడాలంటే నాలుగు రోజులు పడుతుంది. దీనిమీద ‘అత్యవసరం’ అని ముద్ర వేశారు కాబట్టి పావుగంటలో చేరింది.

నాలుగింటికి హెల్ప్‌లైన్ మోగింది. ఈసారి మగ గొంతు.

“మేడం, నోటీసు అందిందండి. గురువారం నాకు కుదరదు. ఇవాళే ఖాళీ చేసేస్తున్నా, వ్యానుని అయిదింటికే రమ్మన్నా. ముందే చెప్పినందుకు మీ సారుకి నా థాంక్స్ చెప్పండి.”

హలో అక్క ఫోను పెట్టేసి, నగరంలోని ప్రభుత్వ శాఖల జాబితా ముందేసుకుంది. సంతకాలు సంఘంలోని సభ్యశాఖలకే కావాలి. సభ్యత్వం లేని శాఖ ఏదైనా ఉందా? చిట్టచివరి పేజీలో కనిపించింది: దోమల నిర్మూలన విభాగం. అందులో ఉన్నది ఒకే ఉద్యోగి, ఒకే పొగ మిషను. ఆయన్ని ఊరంతా పొగ బాబాయ్ అంటుంది. హలో అక్క వెంటనే ఆయనకి ఫోన్ కలిపింది.

“బాబాయ్, ఒక బిల్డింగులోకి వెళ్లాలంటే నువ్వెవరి పర్మిషన్ తీసుకోవాలి?”

“ఎవరిదీ అక్కర్లేదమ్మా. ముందే చెప్తే దోమ పారిపోతుంది కదా.”

“తాళం వేసుంటే?”

“తియ్యమంటా. తియ్యకపోతే తలుపు కింద గొట్టం పెడతా. అప్పుడు వాళ్లే తీస్తారు.”

“పాత సినిమా హాలు వెనక, మూడో అంతస్తు. దోమల సంగతి నాకు తెలీదు బాబాయ్. మనుషులు మాత్రం పదకొండు మంది ఉన్నారు.”

ముప్పై ఏళ్లుగా జనం తలుపులు తట్టిన మనిషి. సంగతి అర్థమైపోయింది. “మనుషులున్న చోట దోమలుంటాయి తల్లీ. వస్తున్నా.”

హలో అక్క కూడా పాత సినిమా హాలు వైపు పరుగెత్తింది. అయిదుకు పది నిమిషాలుందనగా, వ్యాను వెనక్కి నడుస్తూ మేడ గుమ్మం దగ్గరికి వస్తుండగా, మేడ మీద మిషను గుర్రుమంది. మెట్ల మీదున్న ఓనరు ఉలిక్కిపడ్డాడు.

“ఎవడ్రా నువ్వు? గురువారం కదా వస్తామన్నారు!”

“దోమకి గురువారం తెలీదు బాబూ,” అని పొగ బాబాయ్ గొట్టం వంచాడు.

రెండు నిమిషాలు గడవలేదు, లోపలినుంచి సూపర్‌వైజర్ తలుపు బాదడం మొదలుపెట్టాడు. “ఓనరు గారూ, చస్తున్నా! మీ కాళ్లు పట్టుకుంటా, తాళం తియ్యండి!”

ఓనరు తాళం తీశాడు. ముందుగా సూపర్‌వైజర్ దూసుకొచ్చాడు. వెనకే దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ పదకొండు మందీ వీధిలోకి దిగారు. పొగకి బళ్లు ఆగిపోవడంతో ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిలు వేసుకుంటూ వచ్చాడు.

“మా చెల్లెలి కూతుళ్లండి,” అన్నాడు ఓనరు. “పదకొండు మందీను.”

“మీ చెల్లెలు గొప్పావిడే. ఏదీ, పేర్లు చెప్పు.”

ఓనరు మొదటి అమ్మాయిని తేరిపార చూశాడు. “ఇది... నాలుగో మిషను.”

“నేను ఏడో మిషనండి, మామయ్యా!” అని వెనకనుంచి ఒక గొంతు నవ్వింది. హలో అక్క ఆ గొంతును వెంటనే పోల్చుకుంది. కానిస్టేబుల్ ఓనరు చొక్కా పట్టుకున్నాడు. ఓనరు సంచిలో పదకొండు కార్డులూ దొరికాయి. ఏడో మిషను అమ్మాయి ముందు కార్డు మీద తన పేరు చదువుకుని, తర్వాత వచ్చి హలో అక్కను గట్టిగా వాటేసుకుంది.

దాడి మూడు రోజుల ముందే విజయవంతమైందని, ఇది సమన్వయ ఫలితమని సంఘం ప్రకటించింది. పొగ బాబాయ్‌కి శాలువా కప్పారు. అంతటితో ఆగలేదు. ఆయన సేవలకు గుర్తింపుగా దోమల నిర్మూలన విభాగాన్ని పదమూడో సభ్యశాఖగా చేర్చుకున్నారు.

తర్వాతి సోమవారం మళ్లీ ఫోను మోగింది. ఊరి చివర హోటలు వంటగది, నలుగురు, బయట తాళం. హలో అక్క వెంటనే పొగ బాబాయ్‌కి ఫోన్ చేసింది.

“ఇప్పుడు నేను సభ్యుణ్ణయిపోయానమ్మా,” అన్నాడాయన దిగులుగా. “మిగతా పన్నెండు సంతకాలు లేకపోతే మిషను ముట్టుకోకూడదట. నా సంతకం మాత్రం, నీ మీద ఒట్టు, ఇప్పుడే పెట్టేస్తా.”

హలో అక్క ఆ ఫోను పెట్టేసింది. కుక్కలు పట్టే విభాగానికి ఫోన్ కలిపింది. ఊళ్లో ఇంకా సమన్వయం సోకని శాఖలు రెండే మిగిలాయి.