నలభై శాతం పొదుపు

ముత్తియాల్‌పేట వాసి, ఇంజనీరింగు కాలేజీ అధ్యాపకుడు ఆర్. రంగనాథన్ గారు దేశానికి కరెంటు ఆదా చేసిపెట్టిన సంగతి పాఠకులకు తెలిసి ఉండకపోవచ్చు. అందులో పాఠకుల తప్పేమీ లేదు. ఏడేళ్ళు శ్రమించి ఆయన మిగిల్చిన కరెంటంతా ఒకచోట పోగుచేస్తే ఒక జీరో బల్బు పావుగంట వెలుగుతుంది. ఆ ఏడేళ్ళూ కాలేజీ ప్రయోగశాలలో ఏసీ మాత్రం పగలంతా నడిచేది. యంత్రాలు వేడెక్కకూడదు కదా!

ఆయన పని తప్పులు దిద్దే చిప్పు. ఒడ్డు నుంచి పడవలకు గాలివాన హెచ్చరిక పంపుతారనుకోండి. గాలిలో వచ్చేసరికి అందులో కొన్ని సున్నాలు ఒకట్లవుతాయి, కొన్ని ఒకట్లు సున్నాలవుతాయి. పడవలోని పెట్టెలో కూర్చున్న చిప్పు ఒక్కో అంకెనూ పక్క అంకెలతో పోల్చి, "నువ్వు ఒకటివా, సున్నావా?" అని ఇరవై విడతలు అడిగి అసలు సందేశాన్ని రాబడుతుంది. అడిగినప్పుడల్లా బ్యాటరీ కరుగుతుంది. రెండో రోజుకే పెట్టె మూగబోయేది. మూడు విడతలు ఒకే జవాబు చెప్పిన అంకెను ఇక అడగనక్కర్లేదని రంగనాథన్ గారు కనిపెట్టారు. గట్టిగా మాట్లాడేవాణ్ణి తిరిగి అడక్కూడదన్నది మన ఆఫీసుల్లో ఎప్పటి నుంచో ఉన్న నియమమే. దాన్ని చిప్పులోకి ఎక్కించిన ఘనత మాత్రం ఆయనదే.

పొదుపు ముప్పై నాలుగు శాతం వచ్చింది.

శాఖాధిపతి కె. తమిళరసన్ గారు కాగితం చూసి నొచ్చుకున్నారు. "ముప్పై నాలుగా? స్కూలు పిల్లలకు కూడా ముప్పై ఐదొస్తేనే పాసు కదయ్యా!"

రంగనాథన్ గారికి రోషం పుట్టింది. అంకెలన్నీ తేలాక సందేశం మొత్తాన్నీ ఒకసారి సరిచూసే మెట్టు చిట్టచివర ఉండేది. దాన్ని పీకేశారు. నలభై వచ్చింది. ప్రయోగశాలలో లక్ష సందేశాలు పంపి చూస్తే ఒక్క తప్పూ దొరకలేదు. ప్రయోగశాలలో సముద్రం లేదన్న విషయం అప్పటికి ఎవరి దృష్టికీ రాలేదు.

"అక్కర్లేని మెట్టైతే మొదట ఎందుకు పెట్టుంటిరి?" అని ఇంట్లో భార్య దీప అడిగింది. ఆమె ఇంజనీరు కాదు కాబట్టి ఆ ప్రశ్న లెక్కలోకి రాలేదు.

జాలర్లుండే కురుచికుప్పంలో ఆరు పడవలకు ఆరు పెట్టెలు పంచారు. పచ్చదీపం వెలిగితే వెళ్ళవచ్చు, ఎర్రదీపం వెలిగితే ఆగాలి. ఫలితం తేలకముందే కాలేజీలో స్వల్ప విద్యుత్ మహోత్సవం ఖాయమైంది. కాలాపేట దారిలోని ఆ కాలేజీ హాలుకు పన్నెండు ఫోకస్ లైట్లు, నాలుగు పెద్ద ఏసీలు తెప్పించారు. అన్నీ ఒకేసారి వేస్తే ఫ్యూజు ఎగిరిపోయింది. అందుచేత జనరేటరు కూడా తెప్పించారు. వేదిక వెనుక ఇరవై అడుగుల బ్యానరు కట్టారు: "పొదుపు నలభై శాతం. ఖచ్చితత్వానికి లోటు లేదు."

మహోత్సవం నాటి ఉదయం వెళ్ళైయమ్మాళ్ రంగనాథన్ గారి ఇంటికి వచ్చింది. కురుచికుప్పం మనిషి, ముప్పై ఏళ్ళుగా ఆ వీధికి చేపలు తెచ్చేది. తమిళ ఊరైనా వాళ్ళింట్లోనూ తెలుగే. ఆ రోజు గంపలో చేపలు లేవు, పెట్టె ఉంది. చీర రొమ్ము దాకా తడిసి ఉంది.

"ఏంది నాయనా ఈ పెట్టె? ఐదు పడవల్లో ఎర్రదీపం. మాదాంట్లో మాత్రం పచ్చ."

"మన పెట్టెలో తప్పుండదు అత్తా. ఆ ఐదింట్లోనే ఏదో పోయుంటుంది," అన్నారు రంగనాథన్ గారు. నిజంగానే అన్నారు. తరువాత ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు చెవులు కాలేవి.

"పచ్చొచ్చిందని మా పెద్దోడు పడవ తోసేసినాడు. నేను నీళ్ళల్లోకి దిగి తాడు పట్టుకుంటి. 'సారు పెట్టె చెప్పింది, నీకేం తెలుసమ్మా' అంటాడు. నేను ఇడవలే."

ఆమె అరచేతులు చాపింది. తాడు ఒరుసుకున్న చోట తోలు లేదు.

రంగనాథన్ గారు ఆ చేతుల వైపు చూశారు. పెట్టె తీసుకుని, టిఫిన్ కూడా తినకుండా కాలేజీకి వెళ్ళారు. వెళ్ళైయమ్మాళ్ వాళ్ళ పడవ ఐసు ఫ్యాక్టరీ గోడ చాటున ఉంటుంది, అక్కడ సిగ్నలు అంతంతమాత్రం. ఆయన ప్రయోగశాలలో సిగ్నలు అంత బలహీనంగా పెట్టి చూశారు. నలభై ఒకటో సందేశంలో తప్పు అంకెలు కొన్ని ఒకదాన్నొకటి వెనకేసుకొచ్చి, మూడు విడతలూ గట్టిగా నిలబడ్డాయి. వాటిని ఇక ఎవరూ అడగలేదు. అడగవలసిన మెట్టును ఆయనే పీకేశారు.

పదకొండు గంటలకు గాలి లేచి కిటికీ అద్దాలు దడదడలాడాయి. ఆ గాలిలో పడవ ఎక్కడుండేదో ఆయన ఊహించుకున్నారు. మెట్టును మళ్ళీ చేర్చి, అనుమానం వస్తే ఎర్రదీపమే వెలగాలని రాశారు. సాయంత్రం దాకా పరీక్షించారు. ఇప్పుడు తప్పు జారిపోలేదు. పొదుపు ముప్పై నాలుగు.

"బ్యానరు కొట్టించేశాం కదయ్యా!" అన్నారు తమిళరసన్ గారు.

"మనిషి పోయుండేవాడు సార్."

"పోలేదు కదా? మరి ఖచ్చితత్వానికి లోటేముంది?"

సభలో తమిళరసన్ గారు ఆయన్ని, తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగునిచ్చే మహామేధావి అని పరిచయం చేస్తుండగా బయట గాలికి ఊరి కరెంటు పోయింది. జనరేటరు గర్జించింది. రంగనాథన్ గారు మైకు అందుకున్నారు. ఆయన జీవితంలో ఇంత చిన్న ఉపన్యాసం అదొక్కటే.

"నలభై తప్పు. ముప్పై నాలుగు. ఆ ఆరు శాతం కోసం నేను ఒక తల్లి కొడుకును పణంగా పెట్టాను. ఆమె తాడు వదల్లేదు కాబట్టి అతను బతికాడు."

తమిళరసన్ గారు మైకు మెల్లగా లాక్కుని, "చూశారా, వినయమంటే ఇదీ!" అన్నారు. సభ లేచి నిలబడి రంగనాథన్ గారిని అభినందించింది. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. కింద నలభై అనే వేశారు.

ఆ వారమే ఆయన ఆరు పెట్టెలూ సరిచేసి కురుచికుప్పం తీసుకెళ్ళారు.

"ఇప్పుడు నమ్మొచ్చా?" అంది వెళ్ళైయమ్మాళ్.

"నమ్మొచ్చత్తా. అయినా పక్క పడవోళ్ళని కూడా ఒకమాట అడగండి."

"అది మాకు నువ్వు చెప్పాల్నా?" అని నవ్వింది. చేతుల మీద కొత్త తోలు వచ్చింది.

నిజం చెప్పే మనిషిగా పేరు పడ్డారు కనుక, ఆరు నెలల తరువాత రంగనాథన్ గారిని కొత్త పరికరాల పరిశీలక సంఘంలో సభ్యుణ్ణి చేశారు. భువనేశ్ అనే కుర్ర అధ్యాపకుడు ఆస్పత్రి పడకల పక్కన ఉండి రోగి నాడి కనిపెట్టే యంత్రానికి చిప్పు చేసి తెచ్చాడు. పొదుపు డెబ్బై శాతం. ఏం తీసేస్తే డెబ్బై వచ్చిందని అడగాలని రంగనాథన్ గారికి నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఒంటిగంట దాటింది. పక్క గదిలో బిర్యానీ మూత తీశారు. మిగతా నలుగురూ సంతకాలు చేసి కుర్చీలు వెనక్కి జరిపారు. అందరూ ఆయన కలం వైపే చూస్తున్నారు.

ఆయన సంతకం పెట్టేశారు.

ఆ యంత్రం ఏ ఆస్పత్రికి వెళ్ళిందో, ఏ పడక పక్కన పెట్టారో ఫైల్లో లేదు. మీరు ఆస్పత్రి పడక మీద పడుకునే ముందు ఒకసారి కనుక్కోండి.