మానిటర్ కోసం పదిహేడుగురు పెద్దమనుషులు

ఆ శుక్రవారం మాహెర్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. మధ్యాహ్నం నమాజు అయ్యాక మాదబాలో బస్సెక్కి రాజధాని అమ్మాన్ వెళ్లడం, ఒక మానిటర్ కొనుక్కోవడం, బస్సెక్కి వచ్చేయడం. ఇందులో తేడా రావడానికి సందే లేదు.

పాత మానిటర్ బతికే ఉంది కాని, దానికి కుడివైపు పక్షవాతం. తెర మూడోవంతు నల్లగా పడిపోయింది. మాహెర్ పని ఇళ్లకు ప్లాన్లు గీయడం. పోయిన వారం ఆ నలుపులో మెట్లు మాయమవడంతో మూడంతస్తుల ఇంటిని మెట్లే లేకుండా గీసి పంపాడు. పై అంతస్తులో కాపురం ఉండేది మనుషులా, పావురాలా అని మేస్త్రీ ఫోన్ చేసి అడిగాడు. ఆఫీసులో ఇంజినీరు ఏమీ అడగలేదు, చెప్పాడంతే. "ఆదివారం పొద్దున్న ఆఫీసు తెరిచేసరికి ఆస్పత్రి ప్లాను మెట్లతో సహా నా బల్ల మీద ఉండాలి. లేకపోతే నీ బల్ల ఖాళీ చేసుకో."

"ఒక్కడివే వెళ్తావా?" అంది తల్లి. "పెద్దదిక్కు లేనివాడనుకుని నిలువునా ముంచేస్తారు. బాబాయిని తీసుకెళ్లు."

బాబాయి అబూ ఫవ్వాజ్ మామూలు మనిషి కాదు. ఊళ్లో సంబంధం అడగాలన్నా, కొట్లాట సర్దాలన్నా పెద్దమనుషులంతా కలిసి వెళ్లడాన్ని జాహా అంటారు. దానికి ముందు నడిచేది ఆయనే. నూట పన్నెండు జాహాలు నడిపాడట, ఒక్కటీ వట్టిచేతులతో తిరిగి రాలేదట. ఈ లెక్క ఆయనదే.

"ఎన్ని అంగుళాలు?" అన్నాడు బాబాయి.

"ఇరవై ఏడు, బాబాయ్."

"ఇరవై ఏడా! ఇదేమైనా ఉల్లిపాయల బేరమా ఇద్దరం వెళ్లడానికి? పక్కన నలుగురుండాలిరా."

నలుగురూ మసీదు గుమ్మంలోనే దొరికారు. ఆ నలుగురి గంభీరమైన మొహాలు చూసి, పోయిందెవరని అడగడానికి ఐదుగురొచ్చారు. మిగతావాళ్లు ఏమీ అడక్కుండానే కార్లెక్కారు. అబూ ఫవ్వాజ్ బయల్దేరుతుంటే ఎందుకని అడగడం మర్యాద కాదు. మొత్తం పదిహేడుగురు, ఆరు కార్లు, అందరి భుజాల మీదా జరీ అంచు నల్లంగీలు. దారిలో ఒకాయన కారాపించి, ఎందుకైనా మంచిదని పళ్లెం నిండా కునాఫా మిఠాయి కొన్నాడు.

అమ్మాన్‌లో అబూ షాకిర్‌కి కింద కంప్యూటర్ల కొట్టు, పైన ఇల్లు. కొట్టు నడిపేది అతని కూతురు రుబా. పెళ్లి కావాల్సిన పిల్ల. ఆరు కార్లు ఆగడం, నల్లంగీలు దిగడం చూసి అబూ షాకిర్ గబగబా వీధిలోకొచ్చాడు. తన భార్య ఏదైనా కుదుర్చుకొచ్చాకే తనకు చెబుతుంది, ఇదీ అలాంటిదే అనుకున్నాడు. వచ్చిన పనేమిటని అడిగితే ఇంట్లో తన పరపతి ఏపాటిదో వీధంతా తెలిసిపోతుంది. అందుకని నవ్వు మొహం పెట్టి అందరినీ మేడ మీదికి తీసుకెళ్లాడు.

కాఫీ వచ్చింది. అబూ ఫవ్వాజ్‌కి కడుపులో మంటని డాక్టరు నిన్ననే కాఫీ మానిపించాడు. ఆ సంగతి పదిమందిలో చెప్పుకునే రకం కాదాయన. కప్పు అందుకుని, మూతి దాకా తీసుకెళ్లి, మెల్లగా కింద పెట్టేశాడు.

పెద్దమనిషి కాఫీ ముట్టకుండా కప్పు కింద పెట్టాడంటే, ఒకటి అడగడానికి వచ్చాం, సరేనంటేనే తాగుతామని అర్థం. మిగతా పదహారు కప్పులూ టకటకా కిందికి దిగాయి.

"తాగు బాబాయ్, నీకు దణ్ణం పెడతా," అని గొణిగాడు మాహెర్.

"నోర్ముయ్. కడుపు నీదా, నాదా?"

అబూ షాకిర్ లేచి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "పెద్దలు గడప తొక్కాక అడిగించుకోవడం నాకు మర్యాద కాదు. కాఫీ తాగండి. మీరు దేనికోసం వచ్చారో అది మీదే!"

లోపలి గదిలోంచి ఆడవాళ్ల కిలకిలారావాలు లేచాయి. పక్కింటివాళ్లు షర్బత్‌తో దిగారు. కునాఫా తెచ్చినాయన అందరికేసీ ఎలా ఉంది నా తెలివి అన్నట్టు చూశాడు. అబూ షాకిర్ మాహెర్‌ని కావలించుకుని రెండు బుగ్గలూ ముద్దెట్టుకున్నాడు.

"అయ్యా, నేను... ఇరవై ఏడు..."

"ఇరవై ఏడా! సరైన పెళ్లీడు!"

మాహెర్ బాబాయి అంగీ పట్టుకుని లాగాడు. "నువ్వైనా చెప్పు బాబాయ్!"

"నూట పదమూడోది కూడా గెలిచానురా. ఇప్పుడు నా నోటితో ఓడిపొమ్మంటావా?"

అంతలో రుబా స్క్రూడ్రైవర్‌తో పైకొచ్చింది. "ఏంటి నాన్నా ఈ గోల?"

"నీ సంబంధం కుదిరిందమ్మా!"

"ఎవరితో?"

పదిహేడు వేళ్లు మాహెర్ని చూపించాయి. అందులో ఒకటి అతనిదే, కంగారులో లేచింది.

రుబా అతన్ని ఎగాదిగా చూసింది. "నిన్న ఫోన్ చేసింది మీరేనా? ప్లాన్లు గీయడానికి ఇరవై ఏడంగుళాలది తీసిపెట్టమని?"

"నేనేనండీ."

"ఇప్పుడు నన్ను చేసుకోడానికొచ్చారా?"

"లేదండీ. మీరు వేరేగా అనుకోకండి. నాకు మానిటర్ చాలు."

కిలకిలారావాలు గొంతులోనే ఆగిపోయాయి. అబూ షాకిర్ ఎర్రబడ్డాడు, తెల్లబడ్డాడు, చివరికి గొంతు సవరించుకున్నాడు. "మాటంటే మాటే. దేనికోసం వచ్చారో అది మీదే అన్నాను. మానిటర్ మీదే. పైసా ముట్టను."

మాహెర్ ఆనందంతో మెట్లవైపు పరిగెత్తబోతుంటే బాబాయి మెడపట్టీ పట్టుకుని ఆపాడు. "ఎక్కడికి? మాటయిన రోజే ఇంటికి తీసుకుపోతారటరా? వంశం పరువేం కావాలి? ముందు రోజు ఖాయం చేయాలి."

"నిజమే," అన్నాడు అబూ షాకిర్. "నా ఇంట్లోంచి ఉత్త అట్టపెట్టెలో పంపుతానా? పండగ వెళ్లాక వచ్చే గురువారం, డప్పులతో సాగనంపుతాను."

"పండగకింకా నెల ఉంది!" అని అరిచాడు మాహెర్. "ఎల్లుండే ఆదివారం బాబాయ్! నా ఉద్యోగం!"

"పెద్దల మధ్య మాట్లాడకు."

రుబా కల్పించుకుంది. "తీసుకెళ్లకూడదన్నారు, బాగుంది. వచ్చి చూసుకోకూడదని అనలేదుగా? కింద బల్ల మీద పెడతాను. రేపొచ్చి ఇక్కడే గీసుకోమనండి."

దీని మీద పదిహేడుగురూ అరగంట చర్చించారు, కునాఫా అయిపోయేదాకా. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు.

శనివారం పొద్దున్నుంచి మాహెర్ ఆ కొట్టులోనే కూర్చుని ఆస్పత్రికి మెట్లన్నీ గీశాడు. భయంకొద్దీ రెండు వరసలు ఎక్కువే గీశాడు. ఆదివారం ఇంజినీరు వాటిని లెక్కపెట్టుకుని, బల్ల అతనికే ఉంచాడు.

మాట ఖాయమైన జంటని ఒంటరిగా వదలడం మర్యాద కాదు కాబట్టి, ఆ శనివారమంతా మాహెర్‌కీ మానిటర్‌కీ మధ్య అబూ ఫవ్వాజ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.