దుప్పటి కప్పుకున్న పొద

సెలూన్ ఆయన భార్య పొద్దున్నే చెల్లెలింటికి బయలుదేరుతూ ఒక్క పని చెప్పింది. పెరట్లోని లైలాక్ అనే వాసన పూల పొద కొమ్మ ఒకటి గోడ దాటి పక్కింట్లోకి పోయింది. పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ రోజూ సణుగుతోంది.

"ఆ ఒక్క కొమ్మే తీసేయండి. మిగతాది ముట్టుకున్నారో, మీకూ నాకూ మాటల్లేవు. మూడేళ్లు కళ్లల్లో పెట్టుకుని పెంచాను, ఈ వసంతానికి మొదటిసారి పూస్తుంది."

రోజంతా తలలు దిద్దే చెయ్యి ఊరుకుంటుందా? కుడివైపు ఒత్తుగా ఉందనిపించింది, తగ్గించాడు. దాంతో ఎడమవైపు ఎక్కువైంది, అదీ తగ్గించాడు. వెనక్కి జరిగి, తల వాల్చి చూసుకుంటూ సమం చేసీ చేసీ మోకాలెత్తుకి తెచ్చాడు. గోడనానుకుని అవతలికి ఒరిగిన అసలు కొమ్మ మాత్రం చేతికి అందలేదు.

మళ్లీ ఎప్పటికి పెరుగుతుందని నర్సరీ ఆయనకి ఫోన్ చేశాడు. ఈ పొదకి వసంతం మొగ్గలు నిరుడే కట్టేస్తాయట. అంటే తాను ఊడ్చి పారేసినవి ఈ ఏటి పూలే. పాపం, ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. నాలుగు కర్రలు పాతి, గోడదాకా దుప్పటి కప్పేశాడు.

తిరిగొచ్చిన భార్య ఇదేమిటని అడిగితే, "చలికి మొగ్గలు మాడిపోతాయనీ..." అని నీళ్లు నమిలాడు. ఇన్నేళ్ల కాపురంలో తనకెన్నడూ దుప్పటి కప్పని మనిషి మొక్కకి కప్పాడని ఆవిడ కళ్లు చెమర్చాయి. టీచరమ్మ సణుగుడు కూడా ఆగిపోవడంతో చెప్పిన పని చేశాడనే నమ్మి, వీధంతా మొగుణ్ణి పొగిడింది. వారం తిరక్కుండా ప్రతి పెరట్లోనూ మొక్కలకి దుప్పట్లు లేచాయి.

వసంతం వచ్చింది. ఆయన చెమటలు కారుతున్నా స్వెటర్ విప్పకుండా ఇంకా చలిగానే ఉందని వాదించాడు. ఆవిడ వినలేదు. ఆదివారం అందరినీ పిలిచింది. పెరడంతా గుమగుమలాడుతోంది. దుప్పట్లో ఉండగానే ఇంత వాసనేమిటని జనం ముక్కున వేలేసుకున్నారు. అందరికన్నా ఎక్కువ బిత్తరపోయింది సెలూన్ ఆయనే.

ఆవిడ దుప్పటి లాగింది. చక్కగా సమం చేసిన మోళ్లు బయటపడ్డాయి.  సెలూన్‌కి ఎప్పుడూ వచ్చే పెద్దమనిషి, "కటింగ్ మాత్రం నీట్‌గా ఉంది," అన్నాడు.

అప్పుడు గోడ మీంచి టీచరమ్మ తల కనిపించింది.

"అమ్మాయ్, ఆ కొమ్మ తీయించకు. ఏదో విసుగులో అన్నాను, మొగ్గలు చూశాక నేనే మానేశాను. మా వైపు వచ్చి చూడు, ఎంత విరగబూసిందో!"

జనమంతా అటు నడిచారు. మొగుడివైపు ఒక్క చూపు చూసి ఆవిడా వెళ్లింది. ఆ రోజు నుంచీ ఆవిడ సాయంత్రం టీ పక్కింట్లోనే. ఆయన టీ ఆయనే పెట్టుకుంటున్నాడు.

కొమ్మ కొట్టేయమని ఇప్పుడెవరూ అడగడం లేదు. గోడ కొట్టేయమని భార్య అడుగుతోంది.