ఆంబోతు ఎంపిక సంఘం

ఒక పెద్ద అడవిలో గడ్డి ఎప్పుడు మొలుస్తుందో సింహానికి తప్ప అందరికీ తెలుసు. తొలకరికి మొలుస్తుంది, శివరాత్రికల్లా ఎండిపోతుంది. అందుకే అక్కడి ఆవులు తొలకరికే ఈనేవి. పచ్చిక ఉన్నన్నాళ్లూ పాలిచ్చి, ఎండలు ముదిరేసరికి వట్టిపోయి, నిండు చూడితో మళ్లీ వాన కోసం ఎదురుచూసేవి.

మాంసం తగ్గించమని వైద్యుడు చెప్పినప్పటి నుంచి సింహం పాల మీద పడింది. వానాకాలం పాలు, ఎండాకాలం నిలవ నెయ్యి. కడవ నిండినంతకాలం ఆవుల జోలికి రానని మాటిచ్చింది. నిండకపోతే ఏం చేస్తుందో అది చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

మందకు ఆంబోతు పొట్టోడు. నల్లగా, గిడసగా ఉంటాడు, ఒక కొమ్ము వంకర. వాడి కూతుళ్లు మాత్రం గుట్టలెక్కి దొరికింది మేసి, ఏటా వేళకు ఈనేవి.

ఆంబోతును ఆవులే ఎంచుకోవడం అనాగరికమని నక్క ఒకరోజు సింహానికి విన్నవించింది. వెంటనే ఎంపిక సంఘం ఏర్పడింది. నక్క అధ్యక్షురాలు, అందం సంగతి చూడటానికి నెమలి సభ్యురాలు.

పట్నం పాలశాల నుంచి మహారాజు అనే ఆంబోతును నక్కే తీసుకొచ్చింది. ఎత్తు, బరువు, ఒంటి నిగారింపు చూసి నెమలి నూటికి నూరు మార్కులు వేసింది. వాళ్లమ్మ పూటకు రెండు కడవలు ఇచ్చేదని నక్క సభలో చాటింది.

మందలో కపిల అనే ఆవు ఉండబట్టలేక లేచింది. "అధ్యక్షులవారూ, ఏం తిని ఇచ్చిందండీ అన్ని పాలు?"

"తవుడు, తెలగపిండి. అయినా తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?"

"మనకు చేను లేదు కదండీ. ఉన్నది గట్టే."

సలహా స్వీకరించామని చెప్పి నక్క సభ ముగించింది. కొమ్ము వంకరన్న కారణం చూపి పొట్టోణ్ణి గుట్ట అవతలికి తరిమేశారు.

మరుసటి తొలకరికి కపిలకు మహారాజు వల్ల సిరి అనే పెయ్య పుట్టింది. తెల్లగా, ఏపుగా పెరిగింది. నిజం చెప్పొద్దూ, కపిలకూ గర్వంగానే ఉండేది. తొలి ఈతలో సిరి నెల రోజులు కడవలు నింపింది. నక్కకు సన్మానం జరిగింది.

ఆ పాలు గడ్డిలోంచి కాదు, సిరి ఎముకల్లోంచి వచ్చాయి. అంత ఒంటికి గుట్ట మీది పచ్చిక ఏ మూలకూ చాలలేదు. డొక్కలు తేలాయి, వేళకు ఎదకు రాలేదు. వచ్చేసరికి అదను దాటిపోయి, రెండో ఈత నడివేసవిలో పడింది. దూడ వట్టి పొదుగును కుమ్ముతూనే ఉండేది. సిరి ఈడు ఆవులన్నిటిదీ అదే గతి. పాతతరం ఆవులా, ముసలివైపోయాయి. మహారాజు ఒక్కడికే సంఘం ఖర్చుతో ఊరి నుంచి తవుడు వచ్చేది.

మళ్లీ తొలకరి పడింది. అడవంతా పచ్చగా ఉంది, సింహం కడవ మాత్రం ఖాళీ. నక్క విచారణ జరిపి తప్పంతా గడ్డిదేనని తేల్చింది. సింహానికి ఆ నివేదిక కడుపు నింపలేదు.

"పాలివ్వని ఆవును ఒకదాన్ని పంపండి" అంది. నక్క సిరి పేరు చెప్పింది.

కపిల కూతురికి అడ్డంగా వెళ్లి నిలబడింది. "మహాప్రభూ, దీని ఒంట్లో తోలూ ఎముకలే ఉన్నాయి. ఎత్తూ, బరువూ, నిగారింపూ చూసి తమ సంఘం నూటికి నూరు వేసినవాడు అక్కడున్నాడు. ఒకసారి వాణ్ణి చూడండి."

సింహం చూసింది. చాలాసేపే చూసింది.

భోజనం ముగించాక మూతి తుడుచుకుంటూ నక్కను దగ్గరికి పిలిచింది. "ఇంత గొప్ప ఎంపిక నేనెన్నడూ ఎరగను. ఇకనుంచి నెలకొకణ్ణి ఎంపిక చెయ్యి. దొరకని నెల సంఘ సభ్యులతోనే సరిపెట్టుకుంటాను."

ఆ మాట విన్న నెమలి పక్క అడవికి బదిలీ పెట్టుకుంది. నక్క రోజూ పట్నం దారుల్లో బలిసిన ఆంబోతుల కోసం తిరుగుతోంది. ఆవులు మాత్రం ఎవర్నీ అడక్కుండా గుట్ట అవతలికి దారి పట్టాయి.

నీతి: ఎంపిక సంఘాలు ఎన్నడూ తప్పు చేయవు, ఏ పనికి ఎంపిక చేశాయన్నదే ఆఖరున తెలుస్తుంది.