నలభై శాతం కూలరు

ఆ ఉదయం తబిత వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ల్యాబు తలుపులు మూయాలి, ఫ్యాన్లు ఆపాలి, గ్లాసులో సూది ముంచాలి, వచ్చిన అంకెను బయటి కాలేజీ నిపుణుడికి చూపించి సంతకం పెట్టించుకోవాలి. సంతకం పడితే పీహెచ్‌డీ అయిపోతుంది, భీమవరంలో లెక్చరర్ ఉద్యోగం చేతికొస్తుంది. పడకపోతే రెండూ గోవిందా.

నీళ్ళలో కంటికి ఆననంత సన్నటి అల్యూమినా పొడి కలిపితే, ఆ నానో ద్రవం ఉత్త నీళ్ళకన్నా ఎంత బాగా వేడిని మోసుకుపోతుందో కొలవడం ఆమె పరిశోధన. ముంచిన సూది కాస్త వేడెక్కి, ఆ వేడిని ద్రవం ఎంత తొందరగా లాగేస్తుందో చెబుతుంది. గాలి తగిలి ద్రవం కదిలిందా, వేడి ఇంకా తొందరగా పోయి సూది అబద్ధాలు మొదలెడుతుంది. ఎన్నిసార్లు కొలిచినా తబితకు, పుస్తకంలో ఉత్త నీళ్ళకిచ్చిన అంకెకన్నా నాలుగు శాతమే ఎక్కువ వచ్చేది. గైడు వీరాస్వామి గారికి ఆ నాలుగంటే నామోషీ.

నిపుణుడు సుధాకర్ గారు రాజమండ్రి మే ఎండలో చెమటలు కక్కుతూ వచ్చారు. అతిథిని ఫ్యాను లేని గదిలో కూర్చోబెట్టడమా? గోదావరి జిల్లాలో పుట్టినవాడు భౌతికశాస్త్రాన్నైనా వదులుకుంటాడు గానీ మర్యాదను వదులుకోడు. వీరాస్వామి గారు ఫ్యాను వేయించారు. రీడింగ్ తప్పొస్తుందండీ అని తబిత గొణిగింది.

"ఇంటికొచ్చిన మనిషిని ఉడకబెట్టి సంతకం అడుగుతావా అమ్మా? కొలువు."

పన్నెండు శాతం వచ్చింది. వీరాస్వామి గారి మొహం విప్పారింది. పూతరేకులు తెప్పించి, రెండో ఫ్యానూ వేయించారు. ఇరవై మూడు. ఇక ప్రిన్సిపాల్ గారి గదిలోని కూలరే దిగింది, సరిగ్గా గ్లాసుకు ఎదురుగా. నలభై. మర్యాద పెరిగేకొద్దీ విజ్ఞానం ఎందుకు పెరుగుతోందన్న అనుమానం ఆయనకు రాలేదు. అక్కడే ఫోటో దిగి, ఫ్లెక్సీ కొట్టించమని అటెండర్‌ని పంపేశారు. తబితకు ఏడుపొచ్చింది. తప్పని చెబితే గైడుకు కోపం, చెప్పకపోతే బతుకంతా ఆ నలభైని మోయాలి.

సుధాకర్ గారు పూతరేకు నిదానంగా ముగించి, చేతులు కడుక్కుని, ఉత్త నీళ్ళు కూడా ఓసారి కొలవమన్నారు.

"కూలర్ ఆపనాండీ?" అంది తబిత ఆశగా.

"ఉండనీ అమ్మా. మర్యాద అందరికీ ఒకటే కదా."

ఉత్త నీళ్ళూ నలభై చూపించాయి. అంటే ఆ ల్యాబులో నీళ్ళకన్నా నీళ్ళు నలభై శాతం మెరుగు. వీరాస్వామి గారు కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూడసాగారు.

"అసలు అంకె నాలుగండీ," అనేసింది తబిత. "అన్నీ ఆపితే చూపిస్తాను."

అన్నీ ఆపారు. ముగ్గురూ చెమటలో తడిసి ముద్దయ్యాక నాలుగు వచ్చింది.

"మా ల్యాబులోనూ నాలుగేనమ్మా. ఆ నలభైకైతే నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు," అని సుధాకర్ గారు పెన్ను తీశారు.

సాయంత్రానికి ఫ్లెక్సీ గేటెక్కింది. నలభై శాతం అలాగే ఉంది, ఫోటోలో వీరాస్వామి గారి పక్కన కూలరూ ఉంది. ఆ నలభై సాధించింది కూలరే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.