వామతరంగ విజయం

సకల చరాచర వస్తుజాలాన్ని రేయింబవళ్లు కిందికి లాగుతూ, పైకి విసిరిన బంతినీ, చేయిజారిన గాజుగ్లాసునీ, నలభై దాటిన మగవాడి పొట్టనూ ఏమాత్రం పక్షపాతం లేకుండా నేలవైపే నడిపించే ఓ గురుత్వాకర్షణ మహాదేవీ, నీకు మొదటి దండం. నీ మహిమ వల్ల పుట్టి నీ మహిమ వల్లనే తీరిన ఒక ఘోరసంగ్రామాన్ని ఇప్పుడు పాడబోతున్నాను. నా గొంతు జీరపోకుండా కాపాడు. వినేవాళ్లు మధ్యలో నవ్వితే మాత్రం ఆ పూచీ నాది కాదు.

శరదృతువు అవసానదశయందుండెను. ప్రాగ్దిశాంగన కనురెప్పలింకను పూర్తిగా విప్పకమునుపే, గిరిపాదతలమున విస్తరించిన ఆ మహాసరోవరము, ధవళహిమయవనికాచ్ఛాదితమై, పవనలేశమైనను సోకని నిర్మలనిశ్చలజలముతో, రానున్న రణమునకై ఊపిరి బిగబట్టి వేచియుండెను. రేవులో చెక్కవంతెన చివర ఒక తెల్లని మోటారు పడవ. మర్నాడు దాన్ని నీళ్లలోంచి లాగి, షెడ్డులో పెట్టి, టార్పాలిన్ కప్పేస్తారు. మళ్లీ ఎండలు ముదిరేదాకా సరస్సు ఊసెత్తడానికి లేదు. కనక ఈ యుద్ధానికి రేపు అనేది లేదు.

ఆ నౌకకు అధినాథుడు, బహుళాంతస్తుభవనోత్థానపతనధురంధరుడు, లోహరజ్జుపరీక్షాపారంగతుడు, ‘ఎనిమిది మందికి మించి ఎక్కరాదు’ అను శాసనమును నగరమునందలి గోడగోడకును బిగించిన ప్రచండవిక్రముడు, ఒక లిఫ్టు మెకానిక్కు. ఎవరైనా లిఫ్టులో కాలు పెడితే చాలు, చూపుతోనే బరువు చెప్పేస్తానని అతని ధీమా. చెల్లెలు అతన్ని అన్నయ్య అంటుంది కాబట్టి మనమూ అన్నయ్యే అందాం.

ఆ చెల్లెలే ఈ కథకు ప్రాణం. వారమంతా నిలబడి సెలూన్‌లో జుట్లు కత్తిరిస్తుంది. ఆదివారం వస్తే కాళ్లకు బోర్డు బిగించుకుని, పడవకు కట్టిన తాడు పట్టుకుని, పడవ వెనక లేచే అలల మీద ఎగురుతుంది. వేక్‌బోర్డింగ్ అంటారు ఆ ఆటని. పడవ దూసుకుపోతుంటే వెనక కుడికొకటి ఎడమకొకటి రెండు అలలు చీలిపోతాయి. ఒక అల మీంచి లేచి, నడుమనున్న నీటిని గాలిలోనే దాటి, రెండో అల అవతలి వాలు మీద దిగడం ఆ విద్యకు గీటురాయి. ఒకప్పుడు చెల్లెలు దాన్ని నవ్వుతూ చేసేది. కిందటేడు మోకాలికి ఆపరేషన్ అయింది. కర్ర పట్టుకుని నడిచింది, కర్ర వదిలింది, మళ్లీ బోర్డెక్కింది. ఎక్కిందే గాని, ఈ ఎండాకాలమంతా ఎగిరిన ప్రతిసారీ రెండు అలల నడుమే దబ్బున పడింది. ఇంక చాల్లెమ్మా అనని చుట్టం లేడు.

ఆ ఉదయం కారు దిగుతూ అన్నయ్యతో మెల్లగా అంది.

“ఇవాళ దాటితే దాటినట్టు, అన్నయ్యా. లేకపోతే బోర్డు ఎవరికైనా ఇచ్చేస్తాను. ఆశపడటం, నీళ్లలో పడటం, ఇంక నా వల్ల కావట్లేదు.”

అన్నయ్య గుండె చివుక్కుమంది. తప్పు మోకాలిది కాదు, పడవది అని అతని నమ్మకం. స్టీరింగ్ పైనున్న అద్దంలో ఎన్నోసార్లు చూశాడు. చెల్లెలు కుడికాలు ముందుకు పెట్టి నిలబడే మనిషి. ఎడమ నుంచి దూసుకొచ్చి ఎడమ అల మీదే లేవాలి. ఆ ఎడమ అల ఉందే, సరిగ్గా ఆమె వచ్చే వేళకి నురగై జారిపోతుంది. మెట్టుందనుకుని కాలేస్తే మెట్టు లేనట్టు. పడవ కుడికి ఒరిగితే ఎడమ అల ఇలాగే కూలుతుంది. కనక బరువులు సరిచెయ్యాలి, గాలి లేచేలోపు సరిచెయ్యాలి, చెల్లెలు ఆ మాట వెనక్కి తీసుకునేలా చెయ్యాలి. అదీ అన్నయ్య కట్టుకున్న కంకణం.

అలలు ఎత్తుగా లేవాలంటే పడవ బరువెక్కాలి. అందుకోసం వెనక అరల్లో ఈ పక్కొకటి ఆ పక్కొకటి రబ్బరు సంచులుంటాయి. పంపుతో సరస్సు నీళ్లే వాటిలోకి తోడతారు. అంతట అన్నయ్య, గొట్టమను మహాసర్పమును కంఠమున ఒడిసిపట్టి, సంచి నోట దూర్చి, పంపు మీట నొక్కెను. ఘుర్ఘురధ్వానము దిక్కులు పిక్కటిల్లజేసెను. క్షుత్పిపాసాపీడితమై ముడుతలు పడియున్న ఆ రబ్బరుభూతము, సరోవరజలమును గటగట క్రోలుచు, క్షణక్షణప్రవర్ధమానోదరమై, అరగోడలను ఒత్తుచు, భీకరముగా మూల్గుచు లేచెను. గొట్టము బుసకొట్టి, పట్టు తప్పించుకొని, శీతలజలధారాపాతముతో వీరుని వదనమును తాడించెను. కళ్లజోడు ఎగిరిపోయింది. వదిన, అంటే అన్నయ్య భార్య, దాన్ని అందుకుని, తుడిచి, చేతికిచ్చి, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆవిడ దగ్గరున్న ఆయుధాల్లోకెల్లా పదునైంది.

ఇక సైన్యవిన్యాసం. పడవకు కుడివైపు స్టీరింగ్, అక్కడ అన్నయ్య. ఎడమవైపు మెత్తటి సీటు అన్నాచెల్లెళ్ల పిన్నిది. పడవ కొన్ననాటి నుంచీ ఆ సీటు ఆవిడదే, టీ ఫ్లాస్కుతో సహా. వదిన వెనక నడిమధ్య కూర్చుని, తాడు చివర ఉన్న మనిషిని కనిపెట్టుకుని ఉంటుంది. అన్నయ్య అందరినీ బరువులు అడిగాడు. వదిన అరవై అంది. పిన్ని కాసేపు ఆకాశం చూసి అరవై ఐదంది. అన్నయ్య చూపుని నమ్ముకున్నవాడు కదా, పిన్నిని ఎగాదిగా చూసి మనసులో తొంభై వేసుకున్నాడు. తనకి డెబ్బై రెండు వేసుకున్నాడు. ఆ లెక్కన పిన్ని మూలంగా ఎడమ పక్క మోపెడైందని, ఎడమ సంచిలోంచి కొన్ని నీళ్లు గుట్టుగా వదిలేశాడు. పెద్దావిడకి చెబితే నొచ్చుకుంటుందని భయం.

తదనంతరము మోటారు గర్జించెను. హిమయవనిక చిరిగెను. జలగర్భమునుండి ఉత్తిష్ఠమానయై, తాడు పిడిని ముష్టిబంధమున బిగించి, బోర్డు అంచుతో సరోవరమును కోయుచు, ఎడమనుండి మహావేగమున వచ్చిన ఆ వీరవనిత కాలు మోపబోవునంతలో, వామతరంగము పిరికిపందవలె నురగలు కక్కుచు కూలెను. చెల్లెలు నడుమ పడింది.

ఎడమ పక్క తేలికగా ఉందని తేలిపోయింది. అంటే పిన్ని నిజంగానే అరవై ఐదన్నమాట. అన్నయ్య తన అనుమానం బయటపెట్టి, మన్నించమని అడిగి, ఎడమ సంచిని కంఠం దాకా నింపాడు. పిన్ని మన్నించింది గాని, నేను అబద్ధాలాడే మనిషినట్రా అని ఒడ్డు దాకా వినపడేలా అడిగింది. ఇప్పుడు రెండు సంచులూ సమానం, ఇంకో చుక్క పట్టదు. మళ్లీ బయల్దేరారు. ఎడమ అల ఈసారి కొంచెం ఆలోచించి కూలింది. చెల్లెలు మళ్లీ పడింది.

అన్నయ్య స్టీరింగ్ వదిలి వేళ్ల మీద లెక్క కట్టాడు. లిఫ్టుల్లో ఎన్నడూ తప్పని లెక్క. సంచులు సమానం. వదిన నడిమధ్య. కుడి పక్క తను డెబ్బై రెండు. అయినా ఎడమ ఇంత తేలికగా ఉందంటే కారణం ఒక్కటే కావాలి. అతను పిన్ని వైపు తిరిగాడు.

“పిన్నీ, నువ్వు నలభై ఐదుకి మించి లేవు.”

పిన్ని ముఖం వెలిగిపోయింది. ఈమధ్య పొద్దున్నే నడుస్తున్నానని, ఎవరూ గమనించలేదని, ఒక్కడికి కళ్లున్నాయని చెప్పి, ఫ్లాస్కు తెరిచి అతనికి టీ పోసింది. అత్తయ్యగారు నలభై ఐదైతే తనీపాటికి గాల్లో కొట్టుకుపోయి ఉండాలని వదిన గొణిగింది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

నీళ్లలో చెల్లెలు పెదాలు నీలం తిరిగాయి. ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో మోకాలు రుద్దుకుంటోంది. అవతలి ఒడ్డున చెట్ల కొమ్మలు కదలడం మొదలైంది. గాలి సరస్సు మీదికొచ్చిందంటే నీళ్లు గరుకై, ఏ అలా అలలా ఉండదు. అన్నయ్యకి ఎడమ సంచి ఎక్కడో కారుతోందని కొత్త అనుమానం పుట్టింది. కారుతోందో లేదో పడవ పరుగులో ఉండగానే చూడాలి. వదినను స్టీరింగ్ దగ్గరికి పిలిచి, చెల్లెల్ని మళ్లీ లాగుతూ పడవ నడపమని చెప్పి, తను వెనక్కి వెళ్లి ఆవిడ కూర్చున్న నడిమధ్య చోటులోనే మోకాళ్లూని, ఎడమ అరలోకి తల దూర్చాడు.

ఆహా, ఆ క్షణమును ఏమని వర్ణింతును. కుడివైపుకు వంగియున్న ఆ నౌక, చిరకాలరోగము కుదిరిన ధీరునివలె నిటారుగా నిలిచెను. దాని వెనుక, అద్యపర్యంతము భీరుత్వమున ప్రసిద్ధిగాంచిన ఆ వామతరంగము, స్ఫటికనిర్మలమై, నురగలేశవిరహితమై, అఖండప్రాకారసదృశమై, మోకాలెత్తు లేచెను. మోకాలెత్తు అంటే నవ్వకండి. ఆ నీటి మీద అది కొండ. చెల్లెలు నిర్ఘాంతపోయి ఎగరడం కూడా మరిచి, ఒక చెయ్యి వదిలి అల వైపు చూపించింది.

“ఏమండీ, అల లేచింది,” అంది వదిన.

అన్నయ్య తల బయటికి తీశాడు. చూశాడు. అప్పుడే వేలితో సంచి మూత కొంచెం బిగించి ఉన్నాడు కాబట్టి, అంతా ఆ మూతదేనని, తను సరిచేశానని, ఇంక ఎవరూ కదలొద్దని చెప్పి, విజయగర్వంతో వచ్చి స్టీరింగ్ అందుకున్నాడు. వదిన తన చోటుకి వెళ్లింది. పడవ ఉసూరుమంటూ కుడికి వంగింది. వెనక చెల్లెలు ఆ అలని నమ్మింది. ఎప్పుడూ లేనంత దూరం నుంచి, ఎప్పుడూ లేనంత జోరుగా వచ్చింది. అల కాళ్ల కింద నుంచి జారుకుంది.

ఈసారి పడటం చూడలేకపోయారు. పైకి తేలాక తాడు పట్టుకోలేదు. చెయ్యెత్తి, ఇంక ఇంటికి పోదామని ఒడ్డు వైపు చూపించింది. తడిసిన ముఖం మీద నీళ్లేవో కన్నీళ్లేవో తెలియలేదు. అన్నయ్యకి మాత్రం తెలిసింది, చిన్నప్పటి నుంచీ చూస్తున్న ముఖం గదా. అతని ముఖం కూడా అలాగే అయింది.

పడవ ఆగింది. పిన్ని టీ తాగడం మానేసింది. వదిన వెనక సీటులోంచి, గొంతు పెంచకుండా అడిగింది.

“మీ బరువెంత?”

“డెబ్బై రెండు.”

“అది మన పెళ్లిలో కదండీ.”

అప్పుడా మహావీరుని హృదయమున, చిరకాలసంరక్షితమై, అద్దములకు లొంగక, బిగుతైన చొక్కాలకు బెదరక, దర్జీల ఎగతాళిని సైతము లక్ష్యపెట్టక నిలిచిన డెబ్బై రెండను ఆ దుర్భేద్యదుర్గము పునాదులతో కదిలెను. లోన ఆత్మాభిమానము అస్త్రములు సంధించెను. నౌకాధిపత్యము నాదని, సారథి బరువు ప్రశ్నింపరానిదని, ఆడువారి మాటలకు అలలు లేవవని అది ఘోషించెను. అన్నయ్య ఒక్కసారి నీళ్లలోకి చూశాడు. చెల్లెలు బోర్డు పట్టీలు విప్పుకుంటోంది. కోట కూలిపోయింది.

“తొంభై ఆరు,” అన్నాడు. “మొన్న బరువు దిమ్మలు పెట్టి ఒక లిఫ్టు పరీక్ష చేస్తూ నేను కూడా ఎక్కాను. బరువు మించితే తప్ప మోగకూడని గంట మోగింది. గంట పాడైందని మార్చేశాను. కొత్తది కూడా మోగింది. అప్పుడు తూకం ఎక్కి చూసుకున్నాను.”

ఎవరూ నవ్వలేదు. పిన్ని ఒక్కతే బాధపడింది. నలభై ఐదు చేజారిపోయింది మరి. ఫ్లాస్కు మూత తిప్పుతూ, తనది కూడా అరవై తొమ్మిదని, కావాలంటే వేసుకోమని చెప్పింది. వదిన అరవై రెండుకి ఒప్పుకుంది. ఆ పడవలో అంత నిజం ఒక్కసారిగా ఎన్నడూ ఎక్కలేదు.

ఇంక లెక్కకి పనే లేదు. అన్నయ్య తాళాలు వదిన చేతిలో పెట్టాడు. నౌకాధిపత్యము త్యజించి, సారథ్యచిహ్నమైన టోపీని భార్య శిరమున నిలిపి, మూడవ సంచియై, వెనుక నడిమధ్యమున, రెండు మోకాళ్లు దగ్గరకు చేర్చుకొని, అటొక్క అంగుళము ఇటొక్క అంగుళము కదలక, మహాతపస్వివలె ఆసీనుడయ్యెను. చెల్లెలికి తాడు విసిరి ఒక్క మాట అన్నాడు.

“ఇంకొక్కసారి రామ్మా. తప్పు నీ మోకాలిది కాదు.”

ఆమె అతని ముఖం చూసింది. పట్టీలు మళ్లీ బిగించుకుంది.

మోటారు గర్జించెను. నౌక నిటారుగా పరుగిడెను. వామతరంగము లేచెను, నిలిచెను, కూలలేదు. ఆ తరంగమును ఎడమదిశనుండి వజ్రధారవలె కోయుచు వచ్చిన ఆ వీరవనిత, దాని శిఖరమున పాదము మోపి, ఆకుంచితజానుద్వయయై, హిమశీకరసహస్రములు ప్రభాతకాంతిలో చెదరుచుండగా, నింగికి లేచి, ఇన్నాళ్లు తన్ను మింగిన ఆ నడిమి నీటిని క్రింద వదలి, కుడి తరంగపు అవతలి వాలున దిగెను. మోకాలు వంగింది. నిలబడింది. అన్నయ్య లేచి కేక వేద్దామనుకుని, లేస్తే పడవ ఒరుగుతుందని గుర్తొచ్చి, కూర్చున్న చోటనే ఏడ్చాడు.

ఇది విన్నవారికి స్వర్గం దొరుకుతుందని నేను చెప్పను. తూకం ఎక్కినప్పుడు ముల్లు వైపు చూసే ధైర్యం మాత్రం కొంచెం రావచ్చు. ఇట్లు, గాలి సరోవరమును చేరుటకు రవంత ముందు, మోకాలెత్తు అల ఒకటి నిలబడెను. పడవకు రెండు మూడింతల వెడల్పుగల నీరు దాటబడెను. లోకమున మరెవ్వరికిని ఈ సంగతి తెలియదాయెను.

చెల్లెలు ఈదుకుంటూ వచ్చి పడవ వెనక మెట్టు పట్టుకుంది. వణుకుతోంది, నవ్వుతోంది. సంగతంతా వదిన చెప్పింది, తొంభై ఆరుతో సహా. చెల్లెలు అన్నయ్య తడి చొక్కా వైపు, దాని లోపలున్న పొట్ట వైపు చూసింది.

“వచ్చే ఎండాకాలం దాకా తగ్గకు, అన్నయ్యా,” అంది. “ఇప్పుడే కుదిరింది.”

వదిన దానికి ససేమిరా అంది. అన్నయ్య మాత్రం పడవ ఒడ్డు చేరేదాకా ఆ చోటులోంచి కదలలేదు.